పట్టాలు దాటాల్సిన ఊరు

గుంటూరులో శంకర్ విలాస్ వంతెనను 2025 ఆగస్టులో మూసేశారు. 1958లో కట్టిన ఆ రైలు వంతెన స్థానంలో నాలుగు వరుసల కొత్త వంతెన కోసం కేంద్ర రోడ్డు, మౌలిక వసతుల నిధి నుంచి 98 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. ఆ ఏడాది మే నెలలోనే శంకుస్థాపన జరిగింది. దాదాపు డెబ్బై ఏళ్లపాటు ఊరి రెండు సగాలనూ కలిపి ఉంచిన దారి అది. ఇవతల బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం. అవతల ప్రభుత్వ సర్వజనాసుపత్రి, కొత్తపేట, మార్కెట్టు, ఆర్టీసీ బస్టాండు, ఇంకా దిగితే పాత గుంటూరు. చదువుల కోసం ఇటు వచ్చే పిల్లలకూ, వైద్యం కోసం అటు వెళ్లే రోగులకూ అదొక్కటే సులువైన బాట.

వంతెన మూతపడే సరికి పాత ప్రశ్న కొత్తగా ముందుకొచ్చింది. రద్దీ తగ్గాలంటే ఏం చేయాలి? రోడ్లు వెడల్పు చేయాలా, వంతెనలు కట్టాలా, ఊరి చుట్టూ బైపాస్‌లు వేయాలా, బస్సులు పెంచాలా? ఒక్కో జవాబుకూ గట్టి మద్దతుదారులున్నారు. ఒక్కోదాని వెనకా ఎంతో కొంత నిజముంది. గుంటూరు మొదలు ఒంగోలు దాకా ఈ మిర్చి, పత్తి మైదానంలోని ఊళ్లకు వాటిలో ఏది ఎంతవరకు పనికొస్తుందో చూడాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. గుంటూరుకు రోడ్ల వెడల్పు కొరత కన్నా పట్టాలు దాటే చోట్ల కొరత పెద్దది. దానికన్నా పెద్దది, మొదలుపెట్టిన పనులను ఒక వరుసలో పూర్తిచేయకపోవడం.

బ్రాడీపేట, అరండల్‌పేట వీధులను చూసినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. ఆంధ్రదేశంలో అంత క్రమంగా గీసిన పేటలు తక్కువ. లైన్లు ఒక దిక్కుకు, అడ్డరోడ్లు మరో దిక్కుకు. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అంటే కొత్తవాళ్లయినా ఇల్లు పట్టుకోగలరు. ఒక వీధిలో ఆటో అడ్డం నిలిస్తే పక్క వీధిలోంచి వెళ్లిపోవచ్చు. చిక్కంతా ఈ వీధులు పట్టాల దగ్గరికి వచ్చి ఆగిపోయే చోటే. అక్కడి నుంచి దాటే మార్గాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: శంకర్ విలాస్ వంతెన, కంకరగుంట వంతెన, డొంకరోడ్డు దగ్గరి మూడు వంతెనల కింది దారి, సంజీవయ్యనగర్, శ్యామలానగర్ వంటి గేట్లు. మూడు వంతెనల కింద గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి, దారి లేనట్టే. గేటు రైలు వస్తే లేనట్టే. పదుల వీధుల జనం నాలుగైదు చోట్లకు చేరి ఇరుక్కుంటుంటే, ఆ వీధులను ఎంత వెడల్పు చేసినా వెడల్పయ్యేది వరుసలో నిలబడే చోటే.

గేటు దగ్గర జరిగేది కాస్త వివరంగా చూద్దాం. రెండువైపులా కలిపి నిమిషానికి నలభై బండ్లు వస్తున్నాయనీ, గేటు ఆరు నిమిషాలు పడిందనీ అనుకుందాం. తెరిచే సమయానికి 240 బండ్లు పోగవుతాయి. అవి క్రమంగా ఎడమ పక్కన నిలబడితే, తెరిచిన మూడు నాలుగు నిమిషాల్లో సర్దుకుంటుంది. కానీ మన దగ్గర గేటు పడగానే ఖాళీగా ఉన్న కుడివైపు కూడా నిండిపోతుంది. అవతలి వాళ్లూ అదే చేస్తారు. గేటు లేచేసరికి రెండు గుంపులు రోడ్డు మొత్తం వెడల్పునా ఎదురెదురుగా నిలబడి ఉంటాయి, ఎవరూ కదల్లేరు. ఈలోగా ఇంకో రైలుకు గంట కొడుతుంది. గేటుకు రెండువైపులా వంద మీటర్ల డివైడర్ కట్టి, దాన్ని దాటనివ్వకుండా చూసే మనిషిని పెడితే ఈ నష్టంలో పెద్ద భాగం తగ్గుతుంది. దానికి కోట్లు అక్కర్లేదు, భూసేకరణ అక్కర్లేదు. శిలాఫలకం వేయడానికి వీలుకాని పని కాబట్టి దానికి ప్రాధాన్యం దొరకడం లేదని నాకు బాధగా ఉంటుంది.

గేట్ల పరిస్థితి ముందుముందు ఇంకా బిగుస్తుంది. గుంటూరు నుంచి ఒక లైను తెనాలికి, ఒకటి కృష్ణా కెనాల్ మీదుగా విజయవాడకు, నల్లపాడు దాకా వెళ్లి చీలేవాటిలో ఒకటి గుంతకల్లుకు, మరొకటి పగిడిపల్లి మీదుగా సికింద్రాబాద్ వైపు పోతాయి. 2003లో గుంటూరు సొంత రైల్వే డివిజనైంది. గుంతకల్లు లైను డబ్లింగు 401 కిలోమీటర్ల మేర సాగుతోంది. సికింద్రాబాద్ వైపు పోయే బీబీనగర్ లైను డబ్లింగుకూ 2023లో కేంద్రం ఆమోదం తెలిపింది. రెండో లైను పడటం ఈ ప్రాంతానికి మేలే. అయితే రెండో లైనంటే ఎక్కువ రైళ్లు, ఎక్కువ రైళ్లంటే ఎక్కువసార్లు పడే గేట్లు. గేటు బదులు వంతెన కట్టాలా వద్దా అని తేల్చడానికి రైల్వేకు ఒక కొలత ఉంది. రోజుకు ఆ గేటు మీదుగా పోయే రైళ్ల సంఖ్యను వాహనాల యూనిట్లతో హెచ్చవేస్తారు, దాన్ని టీవీయూ అంటారు. అది లక్ష దాటితే వంతెన ఖర్చులో రైల్వే వాటా పెట్టుకునే అర్హత వస్తుంది. రైళ్లు పెరుగుతాయని తెలిసీ గేట్ల దగ్గర లెక్కలు తరచు కట్టకపోవడం, అర్హత వచ్చాక స్థలం కోసం వెతుక్కోవడం మన ఊళ్లన్నిటికీ అలవాటైపోయింది.

ఇక మిర్చి. జనవరి చివర మొదలై వేసవి దాకా సాగే సీజనులో గుంటూరు రోడ్ల లెక్కే మారిపోతుంది. ఊరికి నరసరావుపేట రోడ్డు వైపున్న యార్డుకు పల్నాడు, ప్రకాశం నుంచే కాక కర్నూలు, తెలంగాణ, కర్ణాటకల నుంచీ సరుకు వస్తుంది. జోరుగా ఉన్న రోజున లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటడం మామూలే. ఆ లక్షను టన్నుల్లోకి మార్చి చూద్దాం. టిక్కీ నలభై కిలోలనుకుంటే నాలుగు వేల టన్నులు. లారీకి పది టన్నుల చొప్పున నాలుగు వందల లారీలు. అమ్మిన సరుకు కోల్డ్ స్టోరేజీలకు, కారం మిల్లులకు, ఎగుమతిదారుల గోదాములకు తిరిగి రోడ్డెక్కాలి కాబట్టి ఎనిమిది వందల ట్రిప్పులు. చాలామంది రైతులు చిన్న బండ్ల మీదా, ట్రాక్టర్ల మీదా తెస్తారు గనక నిజానికి ఇంకా ఎక్కువే.

ఇప్పుడు దీన్ని రోడ్డు సామర్థ్యంతో పోల్చాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణ రోడ్ల సామర్థ్యంపై ఇచ్చిన మార్గదర్శకాల్లో అన్ని బండ్లనూ కారు లెక్కలోకి మారుస్తారు. మోటారు సైకిలు అర నుంచి ముప్పావు కారు. లారీ రెండు నుంచి దాదాపు నాలుగు కార్లు. ట్రెయిలరు తగిలించిన వ్యవసాయ ట్రాక్టరు నాలుగైదు కార్లు. రెండు వరుసల ప్రధాన రోడ్డు, పక్కన పార్కింగూ అడ్డాలూ లేకపోతే, రెండు దిశలూ కలిపి గంటకు 1,500 కార్లను మోస్తుంది. మధ్యలో డివైడరున్న నాలుగు వరుసల రోడ్డు 3,600 మోస్తుంది. మన ఎనిమిది వందల లారీ ట్రిప్పులను మూడేసి కార్ల చొప్పున లెక్కిస్తే 2,400. అంటే మామూలు రెండు వరుసల రోడ్డు రెండు గంటల లోపే దాటించగల బరువు! ట్రాక్టర్లనూ చిన్న బండ్లనూ కలిపి రెట్టింపు చేసినా నాలుగు గంటల పని. ఇరవై నాలుగు గంటల్లో సర్దుకుపోవాల్సిన సరుకు ఊరిని ఎందుకు కదలనివ్వడం లేదు?

సరుకంతా ఒకే వేళకు వస్తుంది, గేటు బయటే ఆగుతుంది, అందుకు. లోపల చోటు దొరక్క రోడ్డు పక్కన వరుస కట్టిన లారీలు ఒక వరుస మొత్తాన్ని మింగేస్తాయి. మిగిలిన ఒక్క వరుసలో రెండు దిశల బండ్లు, కాలేజీ బస్సులు, అంబులెన్సులు. అంటే యార్డు ద్వారం దగ్గర టోకెన్లు, లోపల లారీలకు నిలువ చోటు, కాటాలు ఎన్ని గంటలు పనిచేస్తాయన్నది, హమాలీలకు రాత్రి పనికి సరైన కూలీ — ఇవన్నీ రోడ్డు పనులే. సరుకు మరీ పోటెత్తినప్పుడు ఫలానా రోజుల్లో తేవద్దని యార్డు ప్రకటిస్తుంది. అది మంచి పద్ధతే గానీ, కళ్లంలో కాయ ఆరబెట్టుకుని మబ్బును చూస్తున్న రైతుకు ఆ కబురు ముందే చేరాలి. లారీ బాడుగకు మాట్లాడుకుని బయల్దేరాక చేరితే వెయిటింగు చార్జీ అతని జేబులోంచే పోతుంది. రద్దీలో నష్టపోయేవాళ్లను లెక్కించేటప్పుడు కార్లలో కూర్చున్నవాళ్లను మాత్రమే కాదు, లారీ మీద టిక్కీల పైన పడుకుని తెల్లవార్లూ వంతు కోసం ఎదురుచూసే ఈ రైతునూ లెక్కించాలి.

పత్తిది మరో తీరు. బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. జిన్నింగు మిల్లుకు వెళ్లే పత్తి బండి తన వెడల్పుకు రెండు పక్కలా మూరెడు బయటికి పొంగి ఉంటుంది. వెనకవాళ్లకు ముందేముందో కనపడదు, దాటలేరు. ఇలాంటి బండ్లున్న రోడ్డులో వరుసలు పెంచడం కన్నా రోడ్డు అంచులు గట్టిపరచడం ఎక్కువ ఉపయోగం. నెమ్మదిగా పోయే బండి పక్కకు ఒదగడానికి అంచున చోటుండాలి.

ఆ అంచు దగ్గరే ఈ నేలకున్న అసలు ఇబ్బంది బయటపడుతుంది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో చాలా భాగం నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పత్తికి, మిర్చికి అదే బలం, రోడ్డుకు అదే శత్రువు. పాత రోడ్డు కింద మట్టి ఏళ్ల తరబడి బండ్లు తొక్కి గట్టిపడి ఉంటుంది. దాని పక్కన కొత్తగా వెడల్పు చేసిన పట్టీ కింది మట్టి ఇంకా కుదురుకోదు. రెండు వానాకాలాలు గడిచేసరికి రెంటి మధ్య పొడవునా చీలిక వస్తుంది. ఆ చీలికలో నీళ్లు దిగుతాయి, అంచు కుంగుతుంది, బండ్లన్నీ మళ్లీ నడిమధ్యకు జరుగుతాయి. కాగితం మీద నాలుగు వరుసలు, వాడకంలో రెండున్నర. సున్నం కలిపి మట్టిని స్థిరపరచడం, అర మీటరు మందాన మంచి మట్టి పరచడం, అన్నిటికన్నా ముందు పక్క కాలువలు తవ్వడం ఇందుకు తెలిసిన విరుగుడు. టెండరులో ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు మొదట కోత పడేది ఈ మూడింటికే. మధ్యలో ఆగిన భూగర్భ డ్రైనేజీ తవ్వకాలతో గుంటూరు వీధులు పడిన అవస్థ చూసినవాళ్లకు, రోడ్డునూ కాలువనూ వేరువేరు పనులుగా చూడటం ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు.

రోడ్డు పెంచితే రద్దీ తగ్గదనే వాదం ప్రపంచమంతటా బలంగా ఉంది. అమెరికాలో ఆంథనీ డౌన్స్ 1962లోనే ఈ సంగతి రాశాడు: పెద్ద రోడ్డు వేస్తే, వేరే దారుల్లో, వేరే వేళల్లో, వేరే వాహనాల్లో పోతున్నవాళ్లు అక్కడికి చేరి అది మళ్లీ నిండుతుందని. 2011లో డ్యూరాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలు తీసి, హైవే పొడవు ఎంత శాతం పెరిగితే వాటి మీద తిరుగుడూ దాదాపు అంతే శాతం పెరుగుతోందని చూపారు. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేని 2008 నాటికి పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసలకు పెంచారు. అయినా 2011, 2014 మధ్య సాయంత్రపు ప్రయాణ సమయం సగానికి పైగా పెరిగింది.

ఈ పాఠాన్ని గుంటూరుకు యథాతథంగా అంటగట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. అక్కడ రోడ్డు కొత్త శివారు ఇళ్లను, వాటితో కొత్త ప్రయాణాలను పుట్టించింది. ఇక్కడ రైలు పట్టా ఉన్న ప్రయాణాలను నొక్కి ఉంచుతోంది. లక్ష్మీపురంలో ఉన్నవాడు పెద్దాసుపత్రికి వెళ్లడం కొత్త వంతెన పుట్టించిన అవసరం కాదు. 2011 జనాభా లెక్కలకే ఆరున్నర లక్షలకు చేరిన ఊరికి, మున్సిపాలిటీగా ఉన్నప్పుడు 1958లో కట్టిన వంతెనే దిక్కవడం ఏ సిద్ధాంతం ప్రకారమూ సబబు కాదు. డౌన్స్ మాట నిజమయ్యే చోట్లు వేరే ఉన్నాయి: గోరంట్ల వైపు అమరావతి రోడ్డు, ఇన్నర్ రింగ్ రోడ్డు పరిసరాలు. అక్కడ రోడ్డు రాకముందే లేఅవుట్లు వెలుస్తాయి. రోడ్డు వచ్చాక దాని ముఖం మీదే ఫంక్షన్ హాళ్లు, షోరూములు వస్తాయి. ఊరి బండ్లు చుట్టి పోవడానికి వేసిన రోడ్డు పదేళ్లలో ఇంకో బజారవుతుంది. రింగు రోడ్డుకు ఇరుపక్కలా సర్వీసు రోడ్లు లేకుండా, ఎక్కడ పడితే అక్కడ గేటు పెట్టుకునే అనుమతులిస్తే, ఆ వెడల్పంతా వృథా అయినట్టే.

బైపాస్‌ల సంగతి చూస్తే, దాటిపోయే బండ్లు ఎక్కువున్న చోట అవి నిజంగా పనిచేశాయి. చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి చిలకలూరిపేట నడిబొడ్డు నుంచి పోయేది. గణపవరం స్పిన్నింగు మిల్లుల బండ్లు, స్థానికుల బండ్లు, చెన్నై దాకా పోయే కంటైనర్లు అన్నీ అక్కడే కలిసేవి. భూసేకరణలో ఏళ్ల తరబడి చిక్కుకున్న సుమారు 16 కిలోమీటర్ల బైపాస్ వచ్చాక ఆ కంటైనర్లకు ఊరితో పనిలేకుండా పోయింది. విజయవాడ ఇంద్రకీలాద్రి కింద 2020 అక్టోబరులో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ కూడా అలాంటిదే: కొండకూ నీటికీ మధ్య ఇరుకులో హైదరాబాద్ బండ్లనూ ఊరి బండ్లనూ విడదీసింది. ఒంగోలులో చీమకుర్తి గ్రానైటు దిమ్మెలు మోసే లారీలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. కర్నూలు రోడ్డులో బడి పిల్లల పక్కన అవి నడవకూడదు. గుంటూరు, పల్నాడు సహా అయిదు జిల్లాల మీదుగా 190 కిలోమీటర్ల మేర అనుకుంటున్న అమరావతి అవుటర్ రింగ్ రోడ్డు కూడా దూరప్రయాణాల బండ్లకే. అది వస్తే శంకర్ విలాస్ దగ్గర రద్దీ తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. ఆ వంతెన ఎక్కేవాళ్లలో అత్యధికులు ఊరివాళ్లే.

వంతెన మీద వచ్చిన వివాదంలో రెండు వైపులవాళ్లనూ వినాలి. దాని పొడవు పెంచాలి, కింద అండర్‌పాస్ ఉండాలి అని కోరినవాళ్లున్నారు. వంతెన దిగే చోటే నాలుగు రోడ్ల కూడలి ఉంటే, పైన మిగిలిన నిమిషాలు కింద సిగ్నలు దగ్గర పోతాయి కాబట్టి ఆ కోరికలో ఇంజినీరింగు న్యాయముంది. ఇంకోవైపు, పొడవు పెరిగిన కొద్దీ ఇంకా ఎక్కువ దుకాణాల ముంగిళ్లు పోతాయి. అరండల్‌పేట వ్యాపారుల భయం అబద్ధం కాదు. రోడ్డు వెడల్పులో స్థలం పోయిన యజమానికి నగదు బదులు టీడీఆర్ బాండు ఇస్తారు. దానితో వేరేచోట అదనపు అంతస్తు కట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అదే చోట ఇరవై ఏళ్లుగా అద్దెకు కొట్టు నడుపుతున్నవాడికి ఆ బాండు రాదు. 2013 భూసేకరణ చట్టం సేకరణకు మూడేళ్ల ముందు నుంచీ అక్కడ పనిచేస్తూ దాని మీదే బతుకుతున్న కుటుంబాలను కూడా బాధితులుగానే గుర్తిస్తుంది. టీడీఆర్ దారిలో పోతే వాళ్లు లెక్కలోంచి జారిపోతారు. కోర్టు వ్యాజ్యాలతో రోడ్డు పనులు ఏళ్లకేళ్లు ఆగడానికి అధికారులు వ్యాపారుల మొండితనాన్ని కారణంగా చూపుతుంటారు గానీ, అద్దెదారుకు ముందే న్యాయం చేస్తే సగం వ్యాజ్యాలు పుట్టవని నేను నమ్ముతాను.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది పనుల వరుస. ఒక వంతెనను కూల్చి కట్టాలంటే, ఆ కాలమంతా మోయడానికి మిగతా దారులు ముందే సిద్ధంగా ఉండాలి. పాత గుంటూరు నుంచి తెనాలి వైపుకు దారిచ్చే నందివెలుగు రోడ్డు వంతెన ఏళ్ల తరబడి అసంపూర్తిగా నిలిచిపోయింది. ఇన్నర్ రింగ్ రోడ్డు చివరి దశ భూముల తగాదాల్లో నలిగింది. అవి పూర్తయ్యాక పాత వంతెనకు తాళం వేసి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. అలా కాకపోవడంతో భారమంతా కంకరగుంట మీదా, మూడు వంతెనల మీదా, గేట్ల మీదా పడుతుంది.

సర్వజనాసుపత్రికి గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నుంచి పేదలు వస్తారు. పట్టాల ఇవతలి నుంచి వచ్చే అంబులెన్సుకు దారి మళ్లింపు వల్ల పోయే పది నిమిషాల విలువ ఏ ప్రాజెక్టు నివేదికలోనూ రూపాయల్లో కనపడదు. వంతెన కట్టే కాలంలోనైనా కంకరగుంట దారిలో పార్కింగు పూర్తిగా తీసేయాలి. మూడు వంతెనల కింద వాన నీటిని తోడే మోటార్లు వానకు ముందే సరిచూడాలి. గేట్ల వేళలు రైల్వే కంట్రోలు నుంచి 108 సిబ్బందికి అందాలి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు.

బస్సుల గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే ఉన్నదే కొంచెం. ఊళ్లో జనాన్ని మోసేది ప్రధానంగా షేర్ ఆటోలు. వాటిని తిట్టడం తేలిక. లాడ్జి సెంటరు కూడలిలో అవి రోడ్డు మధ్యలో ఆగుతున్నాయంటే, ఆగడానికి చోటు చూపకపోవడమే కారణం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద రాష్ట్రంలో మహిళలకు ఆర్టీసీ ఉచిత ప్రయాణం వచ్చింది. కేంద్రం 2023లో ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ కూడా ఇలాంటి ఊళ్లను ఉద్దేశించిందే. పట్టాల రెండువైపులనూ కలుపుతూ పది నిమిషాలకొక చిన్న బస్సు నడిస్తే, వంతెన మీద అంతే చోటు తీసుకునే కార్లలో పోయే మనుషుల కన్నా ఎక్కువమందిని అది మోస్తుంది. కొత్త వంతెన మీద నడిచేవాళ్లకు మెట్లతో, రెయిలింగుతో సరైన కాలిబాట ఉండాలన్నది కూడా కోరికల జాబితాలో చివరకు నెట్టేయకూడదు. ఆసుపత్రికి, కాలేజీకి, మార్కెట్టుకు వెళ్లేవాళ్లలో ఎందరో కాలినడకనే పట్టాలు దాటుతారు. దారి చూపకపోతే ప్రాణాలకు తెగించి పట్టాల మీదుగానే దాటుతారు.

వంతెన పూర్తయ్యాక నగరపాలక సంస్థ, రోడ్లు భవనాల శాఖ, రైల్వే కలిసి తేల్చాల్సినవి కొన్ని మిగులుతాయి. మిర్చి యార్డు ఊరి మధ్యనే ఉండాలా, ఉంటే లారీలు నిలవడానికి ఊరి బయట చోటెక్కడ? వంతెన దిగువన ఖాళీ అయ్యే స్థలాన్ని పార్కింగుకిస్తారా, ఆటో స్టాండుకూ తోపుడు బండ్లకూ ఇస్తారా? తర్వాత వంతెన ఏ గేటు దగ్గర? ఈ మూడో ప్రశ్నకు జవాబు గుంతకల్లు, బీబీనగర్ లైన్ల డబ్లింగు ముగియకముందే కావాలి. రెండో లైను మీద రైళ్లు మొదలయ్యాక సంజీవయ్యనగర్ గేటు దగ్గర వంతెన కట్టాలంటే, వెళ్లే రైళ్ల మధ్య దొరికే కొద్ది గంటల్లోనే రైల్వే గర్డర్లు ఎక్కించుకోవాల్సి వస్తుంది.